కిడ్నీ రోగుల రిజిస్ట్రీ: గళ్ళు గీయడం తేలికే, మనిషిని పట్టుకోవడమే కష్టం

విజయవాడ సూర్యారావుపేటలో ఏ కిడ్నీ డాక్టరు ఓపీకి వెళ్ళినా బెంచీల మీద కూర్చున్నవాళ్ళ ఒళ్ళో ఒక కవరు కనిపిస్తుంది. ఏ బట్టల కొట్లోనో ఇచ్చింది, చెవులు తెగిపోతే ముడేసి వాడుతున్నది. మా పెద్దనాన్నకూ అలాంటిది ఉండేది. తెనాలి ల్యాబులో క్రియాటినిన్ (కండరాల్లో పుట్టే వ్యర్థం, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది) 1.6 అని ఇచ్చిన చీటీ, గుంటూరు కొత్తపేటలో తీయించిన స్కానింగు, విజయవాడలో మొదటిసారి డయాలసిస్ చేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, మధ్యలో ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు రాసిచ్చిన నొప్పి బిళ్ళల చీటీ, అన్నీ అందులోనే. "ఈ కవరు పోతే నేనెవరో డాక్టరుకే తెలీదురా" అనేవాడు. ఆ నాలుగు చోట్లా ఆయన వివరాలు ఉన్నాయి. ఒకచోట ఉన్నది మిగతా మూడు చోట్లా తెలియదు. అన్నీ తెలిసింది ఆ కవరుకే.

కిడ్నీ రోగులకు ఒక రిజిస్ట్రీ పెట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ కవరే గుర్తొస్తుంది. చేయాల్సిన పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఊరంతటి కవర్లనూ ఒకచోట చేర్చి, ఏ కవరు ఎవరిదో తప్పు లేకుండా రాసుకోవడం. వినడానికి ఏదో సాఫ్ట్‌వేర్ పనిలా ఉంటుంది. నిజానికి సాఫ్ట్‌వేర్ వాటా అందులో చాలా తక్కువ.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఆసుపత్రి రికార్డు ఆసుపత్రి అవసరం కోసం ఉంటుంది: ఎవరొచ్చారు, ఏం చేశాం, ఎంత బిల్లు అయింది. రిజిస్ట్రీ జబ్బు కోసం ఉంటుంది: ఈ జబ్బు ఎవరికి వస్తోంది, ఏ దశలో బయటపడుతోంది, ఆ తరవాత ఆ మనిషి ఏమవుతున్నాడు. రోగి ఆసుపత్రి మారితే మొదటి ఆసుపత్రి రికార్డు అక్కడితో ముగుస్తుంది. రిజిస్ట్రీలో ముగియకూడదు. క్యాన్సర్‌కు మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇలాంటి ఏర్పాటు 1980ల మొదట్లోనే మొదలుపెట్టింది. కిడ్నీ విషయంలో ఇండియన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ 2005లో దేశవ్యాప్తంగా ఒక రిజిస్ట్రీ తెరిచింది. డాక్టర్లు స్వచ్ఛందంగా ఫారాలు నింపారు. 2012లో వచ్చిన మొదటి నివేదికలో 52,273 మంది వివరాలు ఉన్నాయి.

అందులో కొన్ని అంకెలు చూస్తే నిద్రపట్టదు. నమోదైనవాళ్ళలో సుమారు 48 శాతం మంది కిడ్నీ డాక్టరు ముందుకు వచ్చేసరికే అయిదో దశలో ఉన్నారు. అంటే అన్నిటికంటే చివరిది, డయాలసిస్సో కిడ్నీ మార్పిడో దగ్గరపడిన దశ. సగటు వయసు 50. కారణాల్లో షుగరు 31 శాతంతో మొదటిది. రెండోది బీపీ అనుకుంటాం. కాదు. రెండోది "కారణం తేలలేదు" అన్న గడి: 16 శాతం. ఆ గడి సంగతి తరవాత మాట్లాడుకుందాం, ఈ వ్యాసంలో అసలు ముడి అక్కడే ఉంది.

ఆ రిజిస్ట్రీ చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ అది ఒక్కసారి తీసిన ఫొటో లాంటిది. రోగి నమోదైన రోజు ఎలా ఉన్నాడో చెప్పింది. రెండేళ్ళకు ఏమయ్యాడో చెప్పలేదు. పైగా కిడ్నీ డాక్టరు దాకా వచ్చినవాళ్ళే అందులో ఉన్నారు. మాచర్ల దగ్గర ఊళ్ళోనే కాళ్ళ వాపులతో ఉండిపోయిన మనిషి ఏ ఫొటోలోనూ పడడు.

సరే, మన దగ్గరే ఒకటి పెడదామనుకుందాం. విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళనూ కలిపి. మొదటి ప్రశ్న: ఎవరిని చేర్చాలి?

"కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని" అంటే సరిపోదు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే కిడ్నీ పనితీరు తగ్గడమో, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం లాంటి దెబ్బతిన్న గుర్తులో కనీసం 3 నెలల పాటు ఉండాలి. ఒక్క రిపోర్టు చాలదు. రోహిణి కార్తెలో మిరప కల్లంలో పనిచేసి, విరేచనాలు పట్టుకుని, నడుము నొప్పికి బిళ్ళలు మింగిన మనిషికి ఆ వారం క్రియాటినిన్ 3 ఉండొచ్చు, నెల తిరిగేసరికి 1కి దిగిరావొచ్చు. అది వేరే జబ్బు. ఆ మొదటి చీటీ చూసి రిజిస్ట్రీలో చేర్చేస్తే లెక్క ఉబ్బుతుంది. రెండో పరీక్ష కోసం ఆగుదామంటే, తగ్గిందనుకున్న మనిషి రెండో పరీక్షకు రాడు. అందుకే బుద్ధిగా నడిచే రిజిస్ట్రీలో ఇద్దరికీ చోటు ఉంటుంది: "నిర్ధారణ అయినవారు" ఒక పట్టీ, "అనుమానం, రెండో రిపోర్టు రావాలి" మరో పట్టీ. ఆ రెండో పట్టీని వెంటపడి ఖాళీ చేసే మనిషి ఒకరుండాలి. ఈ మనిషి మళ్ళీ మళ్ళీ వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

ఇక క్రియాటినిన్. జనం అంతా దీన్ని షుగరు అంకెలా చదువుతారు: 1.4 అంటే కొంచెం ఎక్కువ, పరవాలేదు. కానీ అదే 1.4ని 30 ఏళ్ళ మగమనిషికీ 65 ఏళ్ళ ఆడమనిషికీ కిడ్నీ పనితీరును అంచనా కట్టే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో వేసి చూడండి. అతనికి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం అంచనా (ఎక్కువుంటే మంచిది), సుమారు 69 వస్తుంది. ఆమెకు సుమారు 42. అతనిది రెండో దశ దగ్గర, అదీ మూత్రంలో వేరే గుర్తులు ఉంటేనే జబ్బు కింద లెక్క. ఆమె అప్పటికే మూడో దశలో రెండో సగంలో ఉంది. ల్యాబు కాగితం మీద మాత్రం ఇద్దరికీ ఒకే అంకె, పక్కన ఒకే చిన్న నక్షత్రం గుర్తు. కండ తక్కువున్న కూలిమనిషికి క్రియాటినిన్ మామూలుగానే తక్కువ ఉంటుంది కాబట్టి కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఇంకో చిక్కు: చాలా ల్యాబుల్లో చవకైన జాఫే పద్ధతి వాడతారు. రక్తంలో చక్కెర, కీటోన్లు, కొన్ని యాంటీబయాటిక్‌లు దాన్ని మోసం చేసి అంకెను పెంచుతాయి. ఎంజైమ్ పద్ధతిలో ఆ బెడద తక్కువ, ఖర్చు ఎక్కువ. అందుకని రిజిస్ట్రీలో దశ రాయకూడదు. క్రియాటినిన్ అంకె, తేదీ, ల్యాబు, పద్ధతి, వయసు, ఆడా మగా రాసుకోవాలి. దశను యంత్రం లెక్కకట్టుకుంటుంది. రేపు సూత్రం మారినా పాత అంకెలు చెడిపోవు. దశ మాత్రమే రాసుకున్న రిజిస్ట్రీ అయితే సూత్రం మారిన రోజున చిత్తుకాగితమే.

వయసు అన్నాను కదా, అదీ అంత సులువు కాదు. మన ఆధార్ కార్డుల్లో జనవరి 1న పుట్టినవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. "అరవై ఉంటాయి లెండి" అంటే అరవై. అయిదేళ్ళు అటూ ఇటూ అయితే ఈజీఎఫ్‌ఆర్ కొద్దిగానే కదులుతుంది కానీ, గీత మీద ఉన్న మనిషి అవతలికి దూకుతాడు.

పేర్ల దగ్గరికి వస్తే ఇంకా చిత్రం. గుంటూరులో ఏ డయాలసిస్ యూనిట్‌లోనైనా నిలబడి "మస్తాన్ వలీ గారూ" అని పిలవండి, ఇద్దరు లేస్తారు. ఒకాయన ఒకచోట షేక్ మస్తాన్ వలీ, ఇంకోచోట ఎస్‌కే మస్తాన్, మూడోచోట మస్తాన్‌వలి షేక్. వెంకటేశ్వర్లుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కపెట్టడం వృథా. ఆడవాళ్ళకు ఒక కాగితంలో పుట్టింటివారి పేరు, ఇంకో కాగితంలో అత్తింటివారి పేరు. ఫోన్ నంబరు కొడుకుది, ఆ కొడుకు హైదరాబాదులో సిమ్ మార్చాడు. ఇలా ఒక మనిషి ముగ్గురైతే రోగుల సంఖ్య పెరుగుతుంది. ఇద్దరు మస్తాన్లు ఒకరైతే అది అంతకంటే ప్రమాదం, ఒకరి రిపోర్టు ఇంకొకరి చరిత్రలోకి ఎక్కుతుంది.

దీనికి మందుగా 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలుపెట్టిన ఆభా అనే ఆరోగ్య గుర్తింపు నంబరు ఉంది, 14 అంకెలు. సూత్రప్రాయంగా ఇదే కావలసింది. ఆచరణలో పల్నాడు నుంచి బస్సులో వచ్చిన పెద్దావిడను ఆభా నంబరు అడిగితే సంచీలోంచి ఆధార్ కార్డు తీసి చేతిలో పెడుతుంది. తప్పు ఆమెది కాదు. అందుకే ఒక్క నంబరునే నమ్ముకోకుండా ఆభా, పేరు, తండ్రి లేక భర్త పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు, రెండు ఫోన్ నంబర్లు అన్నీ కలిపి పోల్చి చూసి, అనుమానం వచ్చిన జంటలను ఒక మనిషి కళ్ళతో సరిచూడాలి. తెలుగు పేర్లను తెలుగు లిపిలో రాసుకుంటే సగం తగాదా తీరుతుందని నా నమ్మకం. ఈ చిన్న విషయం చెబితే సాఫ్ట్‌వేర్ వాళ్ళు నవ్వుతారు.

ఊరు అన్నాం. ఏ జిల్లా? 2022 ఏప్రిల్ 4కి ముందు చిలకలూరిపేట గుంటూరు జిల్లా, తరవాత పల్నాడు. రేపల్లె బాపట్లకు వెళ్ళింది. నూజివీడు కృష్ణా నుంచి ఏలూరుకు వెళ్ళింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. జిల్లా పేరు ఒక్కటే రాసుకున్న రిజిస్ట్రీలో 2021 గుంటూరునూ 2023 గుంటూరునూ పక్కపక్కన పెడితే జబ్బు హఠాత్తుగా తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది జబ్బు కాదు, జిల్లా. గ్రామం, మండలం రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంతకంటే లోతైన పొరపాటు ఇంకొకటి ఉంది. విజయవాడ ఆసుపత్రుల్లో ఇంతమంది కిడ్నీ రోగులు నమోదయ్యారు కాబట్టి విజయవాడలో కిడ్నీ జబ్బు ఇంత ఉంది అనడం. ఆ ఆసుపత్రులకు ఖమ్మం నుంచి, సూర్యాపేట నుంచి, ఏలూరు నుంచి జనం వస్తారు. విజయవాడవాళ్ళలో కొందరు హైదరాబాదు వెళతారు. ఆసుపత్రిలో లెక్కించిన సంఖ్యను ఏ జనాభాతో భాగించాలి? అక్కడ భాగహారం కుదరదు. ఊళ్ళో ఎంతమందికి జబ్బు ఉందో తెలియాలంటే కొన్ని మండలాలు ఎంచుకుని, ఇంటింటికీ వెళ్ళి, రక్తం, మూత్రం పరీక్షించాలి. అది సర్వే. సర్వే ఎంతమందికి ఉందో చెబుతుంది, రిజిస్ట్రీ ఉన్నవాళ్ళు ఏమవుతున్నారో చెబుతుంది. ఒకదాని పని రెండోదానితో చేయించాలని చూస్తే రెండూ చెడతాయి. పత్రికల్లో ఈ రెండింటినీ కలిపేసి రాసిన వార్తలు చదివినప్పుడల్లా నాకు చిరాకు.

ఇప్పుడు "కారణం తేలలేదు" గడి. మన వాళ్ళకు ఈ మాట వినగానే ఉద్దానం గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కారణం తెలియని కిడ్నీ జబ్బుతో సతమతమవుతున్న ఆ ప్రాంతానికి ఏళ్ళ తరబడి నిపుణులు వచ్చిపోయారు. నీళ్ళన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్ళలన్నారు. ఏ ఒక్కటీ తానే కారణమని తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. విజయవాడవాళ్ళు అంత దూరం చూడక్కర్లేదు. ఎన్టీఆర్ జిల్లాలోనే, తిరువూరు దారిలో, ఎ.కొండూరు మండలం తండాల్లో ఇదే బాధ ఉంది. అక్కడికి కృష్ణా నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకం చేపట్టారు.

కానీ రిజిస్ట్రీలో "తేలలేదు" అన్న మాటకు రెండు అర్థాలు కలిసిపోతాయి. ఒకటి: అన్నీ వెతికాం, షుగరు లేదు, బీపీ ముందు నుంచీ లేదు, రాళ్ళు లేవు, అయినా దొరకలేదు. రెండోది: మనిషి వచ్చేసరికే రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయి, బయాప్సీ చేసే పరిస్థితి లేదు, ఇక వెతకలేదు. 2012 నివేదికనే మళ్ళీ చూడండి: కారణం తెలియనివాళ్ళు షుగరు రోగుల కంటే చిన్నవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళ వాటా ఎక్కువ, అయిదో దశలో వచ్చినవాళ్ళు ఎక్కువ. ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన పేదల్లో ఈ గడి ఇంకా బరువు. అంటే ఇందులో కొంత భాగం వింత జబ్బు కాకపోవచ్చు. ఆలస్యంగా వచ్చిన మామూలు జబ్బు కావొచ్చు. ఎంత భాగం ఏదో చెప్పాలంటే ఫారంలో ఒక్క గడి బదులు రెండు ఉండాలి: "వెతికాం, దొరకలేదు", "వెతకలేదు". రెండోది టిక్ చేయడానికి డాక్టరుకు మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటం పోగొట్టకపోతే ఎ.కొండూరులో నిజంగా ఏం జరుగుతోందో ఎన్ని నీటి నమూనాలు తీసినా తేలదు. నీటి విషయంలోనూ అంతే. ఇవాళ ఇంట్లో ఉన్న బోరు కాదు ముఖ్యం, పదిహేనేళ్ళ కిందట ఆ మనిషి ఎక్కడున్నాడు, ఏ నీళ్ళు తాగాడు అన్నది. మిరపకోతలకు ఊళ్ళు తిరిగే కుటుంబానికి చిరునామా ఒక్కటే గడి ఇస్తే ఎలా సరిపోతుంది?

ఇక అన్నిటికంటే కష్టమైన గడి: చనిపోయారా?

రిజిస్ట్రీ తెరిచిన రోజున డయాలసిస్ యూనిట్‌కు వెళ్ళి ఉన్నవాళ్ళందరినీ రాసుకున్నారనుకోండి. వాళ్ళలో నాలుగేళ్ళుగా చేయించుకుంటున్నవాళ్ళు ఉంటారు. చూస్తే మన దగ్గర డయాలసిస్ మీద మనుషులు బాగానే బతుకుతున్నారు అనిపిస్తుంది. కానీ వాళ్ళతో పాటు మొదలుపెట్టి, రెండో నెలలో పోయినవాళ్ళు, ఆటో ఖర్చులు భరించలేక మానేసి ఇంట్లో కన్నుమూసినవాళ్ళు ఆ గదిలో లేరు. మిగిలినవాళ్ళను చూసి లెక్కగడుతున్నాం. అందుకే మొదటి డయాలసిస్ జరిగిన రోజునే పేరు ఎక్కాలి. ఆ రోజు రక్తం ఎక్కడి నుంచి తీశారన్నది కూడా రాసుకోవాలి, చేతి ఫిస్టులా (ముందే ఆపరేషన్ చేసి ధమనిని సిరతో కలిపిన చోటు) నుంచా, మెడలో వేసిన గొట్టం నుంచా అని. ఫిస్టులా వేశాక అది వాడకానికి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మెడ గొట్టంతో మొదలైందంటే ముందుగా సిద్ధం కాలేదని అర్థం. ఒక్క గడి, ఒక జిల్లా వైద్యం ఎలా ఉందో చెప్పేస్తుంది. నన్నడిగితే మిగతా యాభై గళ్ళు తీసేసినా ఇది ఉంచమంటాను.

మా పెద్దనాన్న పోయిన ఏడు నెలలకు ఆయన ఫోనుకు మెసేజి వచ్చింది, మీ డయాలసిస్ సమయం ఫలానా అని. ఆ యూనిట్ వాళ్ళ జాబితాలో ఆయన ఇంకా ఉన్నాడు. మా పెద్దమ్మ ఆ మెసేజి తీసేయలేదు. ఆయన ఎందుకు రావడం లేదని అంతకుముందు ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. ఆ యూనిట్‌ను తప్పుపట్టి లాభం లేదు, ఆ పని ఎవరికీ అప్పగించలేదు.

బయటి దేశాల్లో ఇది ఎలా సాగుతోందని చూస్తే, దేశభక్తి కంటే డబ్బు ఎక్కువ పనిచేసినట్టు కనిపిస్తుంది. అమెరికాలో 1972 చట్టంతో డయాలసిస్ ఖర్చు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ భరించడం మొదలైంది. డబ్బు రావాలంటే డయాలసిస్ యూనిట్ రోగి వివరాల ఫారం పంపాలి. ఆ కాగితాల మీద 1988లో వాళ్ళ జాతీయ కిడ్నీ డేటా వ్యవస్థ నిలబడింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి 1977 నుంచి డయాలసిస్, మార్పిడి రోగులందరినీ ఒకే పుస్తకంలో రాస్తున్నాయి. అక్కడ ఆసుపత్రులకు ఆకర్షణ ఏమిటంటే, వాళ్ళ అంకెలు వాళ్ళకే తిరిగి వస్తాయి: మీ యూనిట్‌లో హిమోగ్లోబిన్ ఇలా ఉంది, పక్క ఊళ్ళో ఇలా ఉంది అని. ఫారం నింపి పంపడమే తప్ప తిరిగి ఏమీ రాకపోతే ఏ సిస్టరయినా రెండో ఏడాదికి నింపడం మానేస్తుంది.

మన దగ్గరా డబ్బు దారి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో డయాలసిస్ క్లెయిములు ఉన్నాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఈ రెండూ కలిపితే చివరి దశ రోగుల జాబితా దాదాపుగా చేతిలో ఉన్నట్టే. అందులోనూ పింఛను సంగతి ప్రత్యేకం. సచివాలయం సిబ్బంది నెల మొదటి రోజునే గుమ్మం ముందు నిలబడతారు. ఎవరు పోయారో జనన మరణాల రిజిస్టరు కంటే ముందే వాళ్ళకు తెలుస్తుంది. ఆ సమాచారం కిడ్నీ రిజిస్ట్రీలోకి ఒక దారంలా వచ్చి కలిస్తే చనిపోయినవాళ్ళ గడి చాలావరకు నిండుతుంది.

అయితే పథకం జాబితానే రిజిస్ట్రీ అనుకుంటే మోసపోతాం. పథకం దేనికి డబ్బిస్తుందో అదే అందులో కనిపిస్తుంది. మూడో దశలో ఉన్న ఆ 65 ఏళ్ళ ఆవిడకు క్లెయిమూ లేదు, పింఛనూ లేదు, కాబట్టి ఆమె లేదు. జాగ్రత్తపడితే డయాలసిస్ ఏళ్ళ తరబడి వాయిదా పడేది ఆమెకే. అలాంటివాళ్ళు దొరికేది ల్యాబుల్లో. సొంత కంప్యూటర్లున్న పెద్ద ల్యాబులు రోగి అనుమతితో ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువ వచ్చిన రిపోర్టులు పంపితే చాలు, రెండో పట్టీ నిండుతుంది.

అనుమతి అన్నాను. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి మాత్రమే కాదు. "కిడ్నీ ఊరు" అని పేరు పడ్డ చోట పెళ్ళి సంబంధాలకు కూడా జనం వెనకాడతారు. పేరు, ఫోన్ నంబరు ఒక పెట్టెలో, జబ్బు వివరాలు వేరే పెట్టెలో, రెండింటినీ కలిపే తాళం ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి. నివేదిక వేసేటప్పుడు ముగ్గురో నలుగురో రోగులున్న తండా పేరు విడిగా వేయకూడదు, మండలంలో కలిపేయాలి. అనుమతి కాగితం తెలుగులో ఉండాలి, అదీ చదివి వినిపించేలా.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది చిన్నది. రెండు ఊళ్ళలో ఉన్న డయాలసిస్ యూనిట్లలో ఫలానా తేదీ తరవాత కొత్తగా మొదలైనవాళ్ళనే రాయండి. ఫారం ఒక పేజీ దాటకూడదు. 200 గళ్ళ ఫారం తయారుచేసిన కమిటీకి సంతృప్తి దక్కుతుంది, రిజిస్ట్రీకి ఖాళీ గళ్ళు దక్కుతాయి. సర్వర్ కొనడానికి పెట్టాలనుకున్న డబ్బులో సగం తీసి ఇద్దరు మనుషులకు జీతం ఇవ్వండి. నర్సింగు చదివినవాళ్ళైతే మంచిది, పల్నాడు యాసా తండాల భాషా తెలిసినవాళ్ళైతే మరీ మంచిది. వాళ్ళ పని ఒక్కటే. వారం రోజులుగా రానివాళ్ళ జాబితా ముందు పెట్టుకుని, మొదటి నంబరు కలవకపోతే రెండోదానికి చేసి, "పెద్దాయన ఈ వారం రాలేదేమండీ?" అని అడగడం, వచ్చిన జవాబును ఆ రోజే రాయడం. బస్సు ఛార్జీలు లేవు, వేరే యూనిట్‌కు మారాం, ఊరెళ్ళాం, మానేశాం, పోయారు. ఈ అయిదు జవాబులకూ అయిదు గళ్ళు.